కంచర గాడిదల వెనకాల మనుషులు

షోలాపూర్ భవాని పేటలో మా ఇంటి ముందు గదిలో మనుషులకంటే మగ్గానికే ఎక్కువ చోటు. అది మా మామగారిది. గోడకు వేలాడదీసే బొమ్మల బట్టలు నేస్తారాయన. వినాయకుడు, విఠోబా, గుర్రమెక్కిన రాజు, ఇట్లాంటివి. షోలాపూర్ అంటే దుప్పట్లూ తువ్వాళ్లూ తప్ప ఇంకేం లేవనుకునేవాళ్లు ఈ పని చూస్తే నోరెళ్లబెడతారు. బొమ్మ గీసిన కాగితాన్ని పడుగు కింద పరిచి, ఒక్కో రంగు నూలును ఆ రంగు ఉన్నంత మేరకే వేళ్లతో దూర్చి, కింది నుంచి పైకి వరుస వెంట వరుస నేసుకుంటూ పోవాలి. రాజైనా సరే, ముందు పాదాలు నేస్తేనే చివరికి కిరీటం వస్తుంది.

ఇరవయ్యేడేళ్లుగా నా పని ఆ మగ్గం పక్కన నేల మీద రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టడం. ఆయన రంగు పేరు చెబుతారు, నేను చుట్టి అందిస్తాను. మగ్గం మీద కూర్చోవాలన్న కోరిక నాకు పెళ్లైన కొత్తలోనే పుట్టింది. ఎవరికీ చెప్పలేదు. మా ఇళ్లల్లో కోడలు మామ ఎదుట ఎత్తు మీద కూర్చోదు. అది మంచమైనా, కుర్చీ అయినా, మగ్గం పలక అయినా ఒకటే. మామగారు మంచి మనిషి, నన్ను ఒక్కనాడూ గట్టిగా ఒక మాట అనలేదు. కొడుకును మాత్రం మగ్గం దగ్గర తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవారు. ఆ తిట్లు పడలేకే మా ఆయన తువ్వాళ్లు నేసే పవర్‌లూమ్ కార్ఖానాకు పారిపోయాడు. ఆ తిట్లన్నీ పక్కనుంచి విని విని నాకేమో పని వచ్చేసింది. కనీసం వచ్చిందనే అనుకున్నాను.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, రిటైరైన మరాఠీ మాస్టారు ఒకాయన పెద్ద కాగితం చుట్ట చంకలో పెట్టుకుని వచ్చారు. మామగారు నూలు కొనడానికి బజారుకు వెళ్లారు. మాస్టారికి చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాను. ఆయన ఆ కాగితాన్ని నేల మీద పరిచి నాలుగు మూలలా చెప్పులు, చాయ్ కప్పు పెట్టారు. లండన్‌లో అచ్చయిన పాత బొమ్మల వారపత్రికలోని ఒక పుటను జిరాక్స్ షాపులో పెద్దది చేయించారట. ఇంగ్లీషువాళ్లు బొంబాయి నుంచి ఓడల్లో సైన్యాన్ని ఎక్కించుకుని ఆఫ్రికాలోని అబిసీనియా రాజు మీదికి యుద్ధానికి పోయినప్పటి బొమ్మ. కొండ దారిలో సైన్యం ఎక్కుతోంది. పైన డేరా, జెండా, గుర్రం మీద దొర. మధ్యలో తుపాకుల వరుస. ఫిరంగి మోస్తున్న ఏనుగు. అట్టడుగున కంచర గాడిదల మంద, వాటి వెనకాల తలపాగాల మనుషులు.

"మా ముత్తాత తండ్రి ఇందులో ఉన్నాడు, తాయీ" అన్నారు మాస్టారు మరాఠీలో. గాడిదలు తోలడానికి ఆయన ఆ సైన్యం వెంట పోయి తిరిగొచ్చాడని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారట. ఎవరో చూపించమన్నాను. ఆయన అట్టడుగున వేలు అటూ ఇటూ తిప్పి, "హ్యాతలా కుణీతరీ ఏక్" అని నవ్వారు. వీళ్లలో ఎవరో ఒకడు. ఎవరైనా ఫరవాలేదు, వాళ్లందరినీ రంగుల్లో మంచిగా నేసిస్తే నట్టింట్లో పెట్టుకుంటానన్నారు.

నేను వంగి చూశాను. నాకు ఒళ్లు మండింది. ఆ బొమ్మ గీసిన మహానుభావుడికి దొరగారి గుర్రం ముక్కు రంధ్రాలు గీయడానికి తీరిక దొరికింది. ఏనుగు తోక వెంట్రుకలు కూడా గీశాడు. గాడిదల వెనకాల ఒకరి తర్వాత ఒకరు కొండ ఎక్కుతున్న తొమ్మిది మందికి మాత్రం ముఖానికి రెండేసి గీతలు. కన్నూ లేదు, ముక్కూ లేదు.

మామగారు వచ్చేసరికి మాస్టారికి బస్సు వేళైంది. కొలతలు మాట్లాడుకుని వెళ్లిపోయారు. ఆ తొమ్మిది మంది సంగతి నేను చెబుతానని మాస్టారు అనుకుని ఉంటారు. బొమ్మ ఎట్లా నేయాలో మామకు కోడలు చెప్పడమేంటని నేను ఊరుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే అదే.

పని మొదలైన మూడో రోజుకే నాకు అనుమానం వచ్చింది. మామగారు నన్ను మట్టిరంగు, నలుపు తప్ప ఇంకో రంగు అడగలేదు. దేవుళ్ల బొమ్మల్లో, రాజుల బొమ్మల్లో అడుగు భాగం ఎప్పుడూ నేలే, రాళ్లే. అక్కడ చెయ్యి ఆరాటపడదు, ఓపికంతా పైన ముఖం కోసం దాచుకుంటుంది. ఆ అలవాటులోనే ఆయన నేసుకుంటూ పోయారు. లేచి చూస్తే గాడిదలు సగం గుట్టలయ్యాయి, మనుషులు మొత్తం బండలయ్యారు.

"మామా, అక్కడ మనుషులున్నరు" అన్నాను మెల్లగా.

"ఏడున్నరు? అవి రాళ్లు బిడ్డా. పైన గుర్రం సూడు, అసలు కామ్ అంతా దాంట్లనే ఉంది" అన్నారాయన.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇంకోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ వారమే ఆయన వాకిట్లో నిలబడి ఎదురింటి ముసలాయనను వాళ్ల కొడుకనుకుని పలకరించారు. అప్పుడు తెలిసింది, రెండు కళ్లకూ పొరలు కమ్మాయని. ఒక కంటికి ఆపరేషన్ చేశారు. నెల రోజులు మగ్గం జోలికి, నూలు దుమ్ము జోలికి పోవద్దన్నాడు డాక్టరు. మా ఇంట్లో దుమ్ము లేని చోటు లేదు కాబట్టి ఊరి చివర బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉన్న ఆడపడుచు ఇంటికి పంపాం.

ఆయన వెళ్లిన మర్నాడు వంట ముగించి, తలుపు దగ్గరగా వేసి, మగ్గం పలక మీద కూర్చున్నాను. ముందు విప్పాలి. ఆయన నేసిన జానెడు బట్టను వరుస వరుసగా విప్పాను. పెద్దవాళ్లు నేసింది విప్పడం మా ఇంట్లో ఎవరూ కలలో కూడా చేయని పని. మాస్టారి కోసం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. ఆ పలక మీద కూర్చోవాలని నాకు ఉంది, అందుకే కూర్చున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి నేల మీద నూలు కుప్ప చూసి నెత్తి పట్టుకున్నాడు. "సచ్చినం పో! నాయిన నేసింది విప్పినవా?"

"మల్ల నేస్త. నువ్వు ఒక్క ముచ్చట మాట్లాడొద్దు ఆయనతోని. నా మీద ఒట్టు."

"నేనెందుకు మాట్లాడుత?" అన్నాడు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. ఎన్నాళ్లు ఆగుతాడా అని ఆ రోజు నుంచే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

విన్నంత తేలిక కాదు నేయడం. మొదటి గాడిద కాళ్లు నాలుగూ వచ్చేసరికి సంతోషం పట్టలేకపోయాను. ఇల్లు అలకగానే పండగ కాదుగా, దాని చెవులు వచ్చేసరికి అది కుందేలైంది. విప్పి మళ్లీ నేశాను. మనుషుల ముఖాలకు నాలుగు రకాల గోధుమరంగులు చుట్టుకున్నాను. పత్రికవాడు ఇవ్వని ముఖాలు నేనెక్కణ్నుంచి తేవాలి? మా పేటలో రోజూ చూసే ముఖాలే పెట్టాను. ఒకడికి బుగ్గలు లోపలికి, ఒకడికి మీసం, ఒకడికి ఎండకు చిట్లించిన కళ్లు. ఒక తలపాగాకు ఎరుపు, ఒకదానికి పసుపు. ఆరో మనిషి తయారయ్యే నాటికి పక్కింట్లో కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో కూడా వినపడనంతగా మునిగిపోయాను. నా పెళ్లైన తర్వాత అంత హాయిగా గడిచిన రోజులు కొద్దే.

మా ఆయన మూడు వారాలు ఆగాడు. అది ఆ మనిషికి తపస్సే. ఒక ఆదివారం పొద్దున తండ్రిని చూడ్డానికి వెళ్లినవాడు, రిక్షాలో ఆయనను వెంటబెట్టుకునే వచ్చాడు. నేను ఎనిమిదో మనిషి మీద ఉన్నాను. గుమ్మంలో నల్ల కళ్లద్దాలు కనపడగానే ఎగిరి లేచి, కొంగు తల మీదికి లాక్కుని గోడకు ఆనుకున్నాను. మా ఆయన నా ముఖం చూడకుండా చెప్పులు విడవడానికే చాలాసేపు తీసుకున్నాడు.

మామగారు మగ్గం మీదికి వంగారు. అద్దాలు తీసి మళ్లీ వంగారు. వేలితో ఒక్కొక్కరినీ తాకుతూ ఎనిమిది మందినీ లెక్కపెట్టారు.

"ఎవరీళ్లు?"

మాస్టారు చెప్పిందంతా చెప్పాను. వీళ్లలో ఎవరో ఒకడు వాళ్ల ముత్తాత తండ్రి అన్నాను.

"నేను రాళ్లు అన్ననా ఈళ్లను?"

"అన్నరు మామా."

ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇగ ఈ జన్మలో మళ్లీ ఆ పలక ముట్టుకోననే అనుకున్నాను.

అప్పుడు ఆయన చెయ్యి బట్ట అంచు మీదికి పోయింది. రెండు పక్కలా తడిమి చూసి, ఒక్కసారిగా నా వైపు తిరిగారు.

"ఇదేంది? అంచు సూడు! రెండు దిక్కులా నడుము లెక్క లోపటికి పోయింది. దారం గుంజి గుంజి నేస్తవా? వదులుగ పరవాలె, అప్పుడే అంచు బరాబర్ వస్తది. ఎన్నిసార్లు చెప్పాలె? చెవుల్ల ఏం పెట్టుకున్నవ్?"

మా ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ మాటలు తను వెయ్యిసార్లు పడ్డవే. నాతో మాత్రం మామగారు ఒక్కసారి కూడా అనలేదు.

"నిలబడి సూస్తవేంది? నిలబడి నేస్తరా ఎవరన్న? కూసో!"

ఆయన నిలబడే ఉన్నారు. నేను వెళ్లి పలక మీద కూర్చున్నాను.

"ఎట్ల పరవాలెనో ఇంకోసారి చెప్పుండ్రి, మామా" అన్నాను.