పూజలో పెట్టిన స్కేట్స్

ఈ ఉదయం గరాజ్‌లో పాత అట్టపెట్టె విప్పితే అక్క ఐస్ స్కేట్స్ కనిపించాయి. తాడు దూర్చే ఒక కన్నం చుట్టూ పసుపు ఇంకా అలాగే ఉంది... గోటితో గీకినా పోలేదు.

నా చిన్నప్పుడు... నాకు పదకొండేళ్లప్పుడు, ఈ దేశానికి వలసొచ్చి మేముంటున్న ట్రుగనీనాలో, మా ఇంటి హాల్లో ఆయుధపూజ. పీట మీద నాన్న లాప్‌టాప్, అమ్మ కత్తెర, నా స్కూలు పుస్తకాలు. వాటి పక్కన అక్క స్కేట్స్. పెట్టింది నేనే.

ఆరు నెలల వీసా మీద తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది. "కాళ్లకి తొడుక్కునేవి దేవుడి దగ్గరేమిటే?" అంది. తర్వాత వాటి కిందనున్న ఇనుప అంచును వేలితో తడిమి చూసింది.

"కత్తే కదా... ఆయుధమే" అని తనే కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టింది.

అక్క అప్పుడు యూనిలో రెండో ఏడాది. యూనివర్సిటీ అమ్మాయిల ఐస్ హాకీ జట్టులో ఆడేది. మంచు మీద నల్లటి రబ్బరు బిళ్ల వెంట పరుగు... మా బంధువుల్లో ఎవరికీ అదేమిటో తెలియదు. నాన్నకి ఇష్టం లేదు. "ఈ టోర్నమెంటులో కప్పు తెస్తే ఇంకో ఏడాది ఆడుకో. లేకపోతే మానెయ్" అన్నారు. అక్క ఒప్పుకుంది.

ఫైనల్ ఆ మధ్యాహ్నమే.

హాకీకి ముందు శనివారాలు అక్కవీ నావీ. ఇద్దరం లైబ్రరీకి నడిచి వెళ్లేవాళ్లం. దారిలో నేను చదివిన కథలన్నీ చెప్పేదాన్ని. స్కూల్లో నోరు విప్పని పిల్లని నేను... మాట్లాడేది అక్కతోనే. హాకీ వచ్చాక శనివారాలు ప్రాక్టీసుకి పోయాయి.

పదకొండు గంటలకి అక్క బ్యాగుతో మెట్లు దిగింది.

"నా స్కేట్స్ ఏవి?"

"నువ్వు గెలవాలని పూజలో పెట్టానక్కా."

నవ్వి తీసుకోబోయింది. అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు తల్లీ. అరిష్టం."

"అమ్మమ్మా, ప్లీజ్... ఇట్స్ ద ఫైనల్!"

"అయితే మటుకు?"

"మరి నాన్న లాప్‌టాప్ ఏది?"

లాప్‌టాప్ పీట మీద లేదు. నాన్న దండం పెట్టుకున్న పావుగంటకే మీటింగ్ ఉందని పట్టుకుపోయారు.

"అది ఉద్యోగం. ఇది ఆట" అంది అమ్మమ్మ.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "చిన్నది తెలియక పెట్టిందే. ఈ ఒక్క పూటా అక్కడ అద్దెకిచ్చేవి వేసుకో." నాన్న చెవుల మీంచి హెడ్‌ఫోన్ కొంచెం జరిపి, "అత్తయ్యగారు చెప్పాక ఇంకేముంది" అన్నారు.

అక్క నా వైపు చూసింది. కోపంగా కాదు... అది ఇంకా కష్టం.

మంచు పరిచిన రింక్‌లో చూసేవాళ్లు తక్కువ. మంకీ క్యాప్ పెట్టుకుని అమ్మకీ నాన్నకీ మధ్య కూర్చున్నాను. అద్దె స్కేట్స్ నీలం ప్లాస్టిక్‌వి, అంచు మొద్దుబారినవి. అక్క తాళ్లు మళ్లీ మళ్లీ బిగించుకుంది. ఆట మొదలయ్యాక మలుపు తిరిగినప్పుడల్లా అర అడుగు పక్కకి జారేది.

అయినా ఆడింది. చివరి నిమిషం వరకూ రెండు జట్లకీ చెరో రెండు గోల్స్. అప్పుడు అవతలి అమ్మాయి బిళ్లతో దూసుకొచ్చింది. అడ్డుకోవడానికి అక్క గిర్రున తిరిగింది... అంచు మంచుని పట్టుకోలేదు. పడిపోయింది. ఆ అమ్మాయి అక్కని దాటి వెళ్లి గోల్ కొట్టింది.

అక్క చాలాసేపు లేవలేదు. దెబ్బ తగిలిందేమోనని అమ్మ లేచి నిలబడింది. దెబ్బేం లేదు. కెప్టెన్ వచ్చి, "నాట్ యువర్ ఫాల్ట్, మేట్" అంటూ చెయ్యిచ్చి లేపింది.

అందరం కారెక్కాం. ఇంటి మలుపు దగ్గర నాన్న మెల్లగా అన్నారు. "అనుకున్న మాటే కదమ్మా."

"అవును నాన్నా."

అంతే. అంతకన్నా పెద్ద గొడవ ఏదీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండేది.

మర్నాడు ఉద్వాసన అయ్యాక అమ్మమ్మ స్కేట్స్ తెచ్చి అక్క చేతికిచ్చింది. అక్క బొట్టు తుడిచి, అట్టపెట్టెలో పెట్టి, టేపు అంటించింది. నా తల నిమిరి, "నా కోసమే పెట్టావుగా బుజ్జీ, ఏడవకు" అంది.

ఆ శనివారం నన్ను లైబ్రరీకి తీసుకెళ్లింది. ఆ రోజు నేను ఒక్క పుస్తకం కూడా తెచ్చుకోలేదు.

ఇప్పుడు అక్క వేరే ఊళ్లో, గంగాలిన్‌లో ఉంటుంది. ట్రామ్ ఎక్కి ఆఫీసుకి వెళ్తుంది, వస్తుంది. ఇందాక ఫోన్లో, "నీ స్కేట్స్ పంపనా అక్కా?" అని అడిగాను. "పారెయ్యవే. ఎవరికి పనికొస్తాయి?" అంది. ఆ గొంతులో బాధ కూడా లేదు. పూర్తిగా ఆరిపోయినట్టు ఉంది...

అమ్మమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆయుధపూజ ఇంకా చేస్తున్నాం. పీట మీద ఇప్పుడు మూడు ఫోన్లు ఉంటాయి. పది నిమిషాల్లో ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోరు.

మీ ఇళ్లలో కూడా ఉందా... పూజలో పెట్టాక మళ్లీ ఎవరూ వాడని వస్తువు? ఉంటే రాయండి. చదువుతాను.

నేను తెలియక పెట్టానని ఇంట్లో అందరూ ఇప్పటికీ అనుకుంటారు. పూజలో పెట్టింది మర్నాటిదాకా ముట్టకూడదని నాకు అప్పటికే తెలుసు. ఏటా లెక్కల పుస్తకం అందుకే పెట్టేదాన్ని.