అరవై మూడో పేరు

ఎలెయుతెర్యోని ఫిలిప్పీన్స్‌లోని మా సెబూ ఆఫీసులో అందరం నోంగ్ తెర్యో అనేవాళ్ళం, అందరికీ అన్న వరసే కాబట్టి. ఒక పడవల కంపెనీకి ప్రోగ్రాములు రాయడం మా పని. నన్ను ఆయన చెల్లెలి వరసలో ఇందాయ్ అని పిలిచేవాడు. మనిషి నిదానం, మాట మాత్రం కత్తెర. ఆయన తెచ్చుకునే ఎండు చేప వాసన భరించలేక నేను కుర్చీ మార్చుకుంటే, "భయపడకు ఇందాయ్, అది చచ్చి చాలా కాలమైంది" అనేవాడు.

ప్రతి రేవులోనూ ఒక కంప్యూటర్. రోజూ పొద్దున్నే ఆ రోజు ప్రయాణికుల జాబితాని ప్రోగ్రాములతో కలిపి ఒకే కంటెయినర్‌గా కట్టి పంపేవాళ్ళం. అందులో ఫైళ్ళు పొరలుగా ఉంటాయి. మేం పంపింది అడుగు పొర, దాని మీద ఎవరూ రాయలేరు. రేవులో ఎవరైనా ఒక ఫైలు దిద్దబోతే దాని నకలు పై పొరలో తయారై, దిద్దుబాటు అందులో పడుతుంది. అందుకే అంతా చిటికెలో మొదలవుతుంది, చోటూ తక్కువ పడుతుంది. చిక్కల్లా ఒకటే. నకలు పుట్టకముందే ఆ ఫైలు తెరిచి కూర్చున్న ప్రోగ్రాముకి పాతదే కనిపిస్తూ ఉంటుంది. మూసి మళ్ళీ తెరిచేదాకా కొత్తది దానికి లేనట్టే.

జాబితాని పొరల్లో కలపకుండా విడిగా పెడదాం అన్నాను నేను.

"విడిగా పెడితే చెడిపోవడానికి ఇంకో చోటు తయారవుతుంది. అయినా జాబితా మూసేశాక పేరు రాసేదెవరు?"

"రేవులో టికెట్లిచ్చే నెనిత రాస్తుంది. పరిగెత్తుకొచ్చిన మనిషిని వెనక్కి పంపే మొహమేనా అది?"

"అయితే మార్చాల్సింది ఫైళ్ళని కాదు, నెనితని."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

నవంబరులో ఒక ఉదయం గాలివానకి ఆ కంపెనీ పడవ ఒకటి బోల్తా పడింది. తీర రక్షణ వాళ్ళకి మా ప్రోగ్రాము చూపిన లెక్క అరవై రెండు. సాయంత్రం నాలుగింటికి అరవై రెండో మనిషిని ఒడ్డుకి చేర్చారు. లెక్క సరిపోయిందని వెతికే పడవలు వెనక్కి తిరిగాయి. మా ఆఫీసులో సంతోషంతో ఏడ్చినవాళ్ళున్నారు.

బతికినవాళ్ళు మూడు ఊళ్ళ ఆసుపత్రుల్లో చెదిరి ఉన్నారు. నెనిత మూడూ తిరిగి, ఆరింటికి ఫోన్ చేసింది.

"నోంగ్, ఫిడేలా అక్క ఏది? ఆఖర్న పరిగెత్తుకొచ్చింది, పేరు నేనే కొట్టాను. నా తెర మీద అరవై మూడు ఉంది."

నోంగ్ తెర్యో ఫోన్ పక్కన పెట్టాడు. లెక్క చూపే ప్రోగ్రాముని ఆపి మళ్ళీ నడిపాడు. అరవై మూడు. పొద్దుట్నించీ అది అడుగు పొరలోని జాబితానే చూస్తూ కూర్చుంది. తీర రక్షణ వాళ్ళకి తనే ఫోన్ చేశాడు. "తప్పు నాది. ఇంకో మనిషి ఉంది" అన్నాడు.

ఆమె మర్నాడు పొద్దున దొరికింది, లైఫ్ జాకెట్‌తోనే. చీకటి పడేదాకా బతికే ఉందన్నాడు డాక్టరు.

జాబితాని విడిగా పెట్టేశాం. ఒక్క పూట పని. అయినా ఆయన ప్రతి ఫైలూ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచేవాడు. అన్నం మధ్యలో లేచి వెళ్ళి చూసి వచ్చేవాడు. "కింద ఎవరో మిగిలిపోయారనిపిస్తుంది ఇందాయ్" అనేవాడు. వేళాకోళం చేద్దామంటే నాకు నోరు రాలేదు. నాకూ అలాగే అనిపించేది, భయమేసేది.

నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక ఫిడేలా కూతురు జోవెలిన్ ఆఫీసుకి వచ్చింది. తిట్టడానికే అనుకున్నాం. తిట్టినా బాగుండేది. నోంగ్ తెర్యో ఎదురుగా కూర్చుని ఒక్కటే అడిగింది.

"నాలుగింటికి పడవలు వెనక్కొచ్చేశాయి కదా. వెళ్ళిపోతున్నప్పుడు అమ్మకి కనిపించి ఉంటాయా?"

అంత దూరంలో ఎలా కనిపిస్తాయని నేను అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. పడవలు ఎక్కడిదాకా వెళ్ళాయో, ఆమె ఎక్కడ దొరికిందో, నీటి వాలు ఎటో, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు.

"కనిపించాయమ్మా" అన్నాడు. "అప్పటికి వాన ఆగిపోయింది."