బండి తోక చూసే పిల్ల

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఇంట్లో కనబడిన బల్లి వీధి చివరికెళ్లేసరికి ఉడుమవుతుంది, నిమ్‌పురా రైల్వే యార్డు చేరేసరికి మొసలవుతుంది. ఎంత తగ్గించుకుని నమ్మాలో మీ ఇష్టం.

రోడ్డు మీద బతికే ఒక పిల్ల గురించి కలకత్తా వాళ్లు సినిమా తీస్తూ, తెలుగు రైల్వేవాళ్లతో నిండిన మా ఊరొచ్చారు. పాటల్లేవు, ఫైట్లు లేవు, నిర్మాత లేడు. ఉన్నదల్లా ఒక కెమెరా, ఒక డొక్కు వ్యాను, అందరూ దీదీ అనే డైరెక్టరమ్మ. ఆవిడెంత సన్నమంటే పక్కకి తిరిగితే మాయమైపోతుంది. ఆ పిల్ల వేషానికి పదిహేడేళ్ల మా అమ్మాయిని చూసుకున్నారు. నిమ్‌పురాలో పరీక్షగా ఒక్క షాట్. అది కుదిరితే మర్నాడే వ్యానెక్కి నెల్లాళ్లు హైవే వెంట వెళ్లిపోతుంది. కుదరకపోతే కలకత్తాలో ఇంకో అమ్మాయి సిద్ధంగా ఉంది.

మా ఆవిడ ససేమిరా అంది. "పిల్లకి జొరమొస్తే ఎవులు చూస్తారు? ఆ దాబా తిండి అరుగుతాదా?" అంటూ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్లో గుమ్మానికీ పెరటికీ మధ్య ఎంత తిరిగిందంటే గచ్చు మీద గాడి పడింది. నేను మాత్రం రాయిలా కూర్చుని, "పోనీయే, ఒక్క నెల కదా" అన్నాను.

షాట్ సులువే. గోనెసంచి భుజానేసుకుని, పట్టాల పక్క రోడ్డు మీద, వెనక్కి తిరక్కుండా నడవాలి. ఆ పిల్లకి వెనక ఎవరూ లేరు, అదీ కథ.

నడిచింది. గూడ్సు వచ్చింది. మా పిల్ల ఆగి, వెనక్కి తిరిగి, ఆఖరి పెట్టె పోయేదాకా చూసి, మళ్లీ నడిచింది.

"కట్! ఎందుకు తిరిగావు?"

"ఎల్వీ బోర్డు ఉందో లేదో అని, దీదీ."

బండి చివరి పెట్టెకి ఆ బోర్డుంటేనే బండి పూర్తిగా వచ్చినట్టు. లేదంటే ఎక్కడో పెట్టెలు తెగి ఉండిపోయినట్టు. మా నాన్న రైల్వే గేటు దగ్గర పనిచేసేవాడు. ఇంట్లో అన్నం తింటున్నా బండి చప్పుడైతే ముద్ద చేత్తో పట్టుకునే బయటికొచ్చి తోక చూసేవాడు. మా వీధిలో పిల్లలు "అమ్మా" అనడానికి ముందు "బోర్డుంది" అంటారు.

రెండో బండికి పిల్ల పళ్లు బిగించి తిన్నగా నడిచింది. కానీ టీ కొట్టాయన, సైకిళ్ల మీద లోకో షెడ్డువాళ్లు, నేను, అందరం ఒక్కసారే మెడలు తిప్పాం. మేకలు కూడా తిప్పాయి.

"చూడకండి దాదా!" అని దీదీ అరిచింది.

"బండెల్తుంటే చూడకపోతే మెడ పట్టీస్తాది దీదీ," అన్నాడు టీ కొట్టాయన.

మూడో బండికి పిల్ల మళ్లీ తిరిగింది. దీదీ నెత్తి పట్టుకుంది. "ఇల్లే లేని పిల్లకి ఈ రైల్వే బుద్ధేమిటి? ఆ కలకత్తా అమ్మాయికి ఫోన్ చెయ్యండి."

మా పిల్ల సంచి కింద పెట్టింది. "దీదీ, ఆ పిల్లకి నాన్న ఉండీవాడా?"

"ఉండేవాడు. కథ మొదలయ్యేసరికే పోయాడు."

"ఏటి పని చేసీవాడు?"

"అది రాయలేదు."

"రైల్వేలో చేసీవాడనుకోండి. ఇల్లు పోయినా ఈ చూపు పోదు కదా."

దీదీ గోళ్లు కొరుక్కుంటూ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగింది. చివరికి, "ఠీక్ హై. ఈసారి నీకు తోచినట్టు నడు," అంది.

ఇంకో బండి వచ్చింది. పిల్ల తిరిగి చూసింది, నడిచింది. మలుపు దాటి కనబడకుండా పోయినా దీదీ కట్ అనలేదు. మర్నాడు వ్యాను పిల్లని ఎక్కించుకుని మా వీధిలోంచే వెళ్లింది.

ఇక నేను కల్పించిన ముక్క. బండ్లు నిజమే, మేకల మీద నాకే అనుమానం. అసలు అబద్ధం మా ఆవిడ గురించి చెప్పిన చోట ఉంది. ఆవిడ ఒక్క పూటైనా వద్దనలేదు. పిల్ల జడ విప్పి జుట్టు చింపిరి చేసిందీ, ఆ గోనెసంచికి పట్టీ కుట్టిందీ ఆవిడే. జ్వరమన్నదీ, దాబా తిండన్నదీ, గచ్చు అరగదీసిందీ నేను. ఇప్పుడూ తిరుగుతున్నది నేనే.

"ఏటండీ ఆ తిరుగుడు," అంటోందావిడ లోపల్నించి. "పిల్ల ఫోన్ చేస్తాది గాని, కూకుని రాసుకోండి."