తాళం పడిన కాలేజీ

ఆసుపత్రిలో అందరూ ఆమెను చిన్నక్క అనేవారు. ఏళ్ల తరబడి దుప్పట్లు మార్చి, బెడ్‌పాన్లు కడిగి, నర్సులు చెప్పిన పనల్లా చేసింది. ముప్పై దాటాక తానూ నర్సు కావాలన్న పురుగు తొలిచింది. చదువుకు బ్యాంకు అప్పు తప్ప దారి లేదు. సంతకం పెట్టేముందు కాగితాలు రెండుసార్లు చదివింది. మామగారు కట్టించిన రెండు గదుల ఇల్లు తాకట్టు పడుతోంది మరి.

పక్కనున్న భర్త ప్లంబరు. "కుళాయైతే నేను కట్టేస్తాను. అప్పు మాత్రం నువ్వే కట్టాలి," అని నవ్వించబోయాడు. ఆమెకు నవ్వు రాలేదు.

రెండేళ్లు బాగానే గడిచాయి. మూడో ఏడు మొదట్లో ఓ ఉదయం వెళ్లేసరికి కాలేజీ గేటుకు తాళం.

"గుర్తింపు రద్దయిందంటమ్మా. ప్రిన్సిపాల్ గారు ఫోనెత్తట్లేదు," అన్నాడు వాచ్‌మన్ తల దించుకుని.

తోటి పిల్లలు ఏడుస్తున్నారు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. గోడవారన కూలబడింది. డిగ్రీ లేదు, రేపు ఇల్లూ ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది తన బతుకు.

ఇంట్లో చెప్పలేదు. రోజూ యూనిఫాం వేసుకుని బయల్దేరి, బస్టాండులో కూర్చుని సాయంత్రం తిరిగొచ్చేది. ఫోన్ మోగితే బ్యాంకువాళ్లేమోనని ఎత్తేది కాదు. గోడలకు రంగు వేయిద్దామని అత్తగారు అన్నప్పుడు, లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు భర్తే అడిగాడు. "ఇవాళ బస్టాండులో పైపు బాగుచేయడానికి వెళ్లాను. నువ్వక్కడ కూర్చున్నావు. ఏమైంది?"

చెప్పేసింది. అతను పనిసంచీ కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు చెప్పడానికి భయమేసిందా?"

"నోటితో అంటే నిజమైపోతుందేమోనని."

"నిజమెప్పుడో అయింది. రేపు యూనివర్సిటీకి పోదాం. మిగతా పిల్లల్నీ రమ్మను."

చెప్పులరిగేలా తిరిగితే, చివరికి యూనివర్సిటీవాళ్లు అందరినీ వేరే కాలేజీలో సర్దారు. అయితే ఒక ఏడాది మళ్లీ చదవాలన్నారు. చదువు సాగినంత కాలం వడ్డీ కూడా సాగింది. రాత్రి వార్డులో పాత పని, పగలు క్లాసులు. ఎలాగో గట్టెక్కింది.

ఇప్పుడామె నర్సు. జీతంలో సగం బ్యాంకుకే పోతుంది. ఇల్లు నిలిచింది గాని, వాయిదా తేదీ దగ్గర పడితే ఇప్పటికీ రూపాయి రూపాయి లెక్కపెట్టుకుంటుంది.

మొన్న ఆడపడుచు కూతురు వచ్చింది. "అత్తా, నేనూ అప్పు తీసుకుని నర్సింగులో చేరనా? నీకు లాభమే అయింది కదా?"

"పని నాకిష్టమే. లాభమో నష్టమో ఇంకా తేలలేదే," అంది ఆమె. "ఆ గేటు ముందు పడ్డ భయం మాత్రం నీకొద్దు. కాలేజీ ఎలాంటిదో నేనప్పుడు చూసుకోలేదు. మనం చూద్దాం పద."

మరునాడు ఇద్దరూ వెళ్లి, పిల్ల చేరాలనుకున్న కాలేజీకి గుర్తింపు ఎప్పటిదాకా ఉందో, అక్కడ పాసైనవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కుని వచ్చారు. పిల్ల ఇంకా ఏ సంగతీ తేల్చుకోలేదు.