కోటయ్య పిలుపు, నా విజిలు: ముసునూరు దారిలో ఒక రోజు

ఈ వేసవి శిక్షణకు మన అగ్నిమాపక దళాలు మళ్ళీ పల్లెలకు బయలుదేరుతున్నాయి. నిరుడు నా చేతికిచ్చిన ఫారాన్నే ఈ ఏడూ పంచుతున్నారు. ‘స్థిర నివాసం, ఇంటి నంబరు’ అన్న గడి అందులో అలాగే ఉంది. నిరుడు ఆ గడిని అడ్డం పెట్టుకొని ఒక యోగ్యుడి పేరు దాదాపు తప్పించేశాను. కారణం అసూయ. నూజివీడు వైపు వెళ్ళబోయే సహోద్యోగులకు దారితోపాటు ఈ సంగతి కూడా ఇప్పుడే తెలియాలి.

బెజవాడలో ఉదయం ఆరుగంటల బస్సు ఎక్కితే, ఆగిరిపల్లి మీదుగా ఎనిమిది దాటేసరికి నూజివీడులో దిగవచ్చు. టిక్కెట్టు రూపాయికి కాస్త ఎక్కువ. బస్టాండు పక్క హోటల్లో రెండిడ్లీలు, కాఫీ కలిసి పావలా. నేను పాఠం చెప్పవలసిన మామిడితోట ముసునూరు దారిలో ఆరు మైళ్ళ దూరం. జట్కా రానూ పోనూ నాలుగు రూపాయలకు కుదిరింది. నా వెంట ఒక ట్రంకుపెట్టె ఉంది. అందులో తోలు బూట్లు, ఇనప టోపీ, చేతిపంపు, యాభై అడుగుల మోకు, విజిలు ఉన్నాయి. వాటన్నిటికన్నా విలువైనది పైజేబులోని ఫారం. ఊరి స్వచ్ఛంద దళానికి నాయకుడిగా అందులో ఒక్కరి పేరే రాయాలి. ఆ పేరున్నవాడికి బెజవాడలో ఎనిమిది రోజుల శిక్షణ, బూట్లు, టోపీ దొరుకుతాయి. మంటలార్పుతూ కాలితే పెద్దాసుపత్రిలో వైద్యం ప్రభుత్వమే చూస్తుంది. పేరు లేనివాడు కాలితే, తన తంటాలు తాను పడాలి.

జట్కా తోలే మస్తాన్ పెట్టెలో ఏముందని అడిగాడు. తోటపనివాళ్ళకు నిప్పుతో ఎలా మెలగాలో నేర్పడానికి వెళ్తున్నానని చెప్పాను. అతను నన్ను మర్యాదగానే చూసి, “కోటయ్య మేస్త్రి ఉండగా మీకెందుకండీ ఈ ఎండలో శ్రమ?” అన్నాడు. అంతటితో ఆపక, అంతకుముందు వేసవిలో ఆ పక్కన తాటాకు పాకలంటుకున్నప్పుడు ఒక్క ప్రాణమూ పోలేదనీ, అది కోటయ్య చలవేననీ తోట వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో నా గురించి అలా చెప్పిన జట్కావాడు ఒక్కడూ లేడు. మనిషిని చూడకముందే నాకు కోటయ్య మీద కంటగింపు పుట్టింది.

పదింటికి తోటలో దిగాం. కాయ కోత జోరు మీదుంది. పాక నిండా గంపల్లో పరిచే వరిగడ్డి పోగులు, పక్కనే వంటపొయ్యి. నిప్పురవ్వ పడటానికి అంతకన్నా అనువైన చోటు నేను చూడలేదు. కోటయ్యకు యాభై ఏళ్ళుంటాయి, బక్కపలచని మనిషి. రెండు చేతులూ మోచేతులదాకా పాత కాలిన మచ్చలే. చెట్టెక్కినవాళ్ళు ఆకుల్లో కనబడరు. కాయలు కోసే దోటి కొన మాత్రం కదులుతూ ఉంటుంది. కింద నిలబడ్డ కోటయ్య కొద్ది కొద్దిసేపటికీ ఒక్కొక్కరినీ పేరుపెట్టి “ఉన్నావా?” అని అడుగుతున్నాడు. పైనుంచి “ఉన్నా” అని జవాబు వస్తోంది. ఎందుకని అడిగాను.

“ఎండకి కళ్ళు తిరుగుతాయండి. కొమ్మ మీద సోలిపోయినోడు అరవలేడు గదండీ. మనమే అడగాల,” అన్నాడు.

అలవాటు మంచిదేనని ఆ క్షణమే గ్రహించాను. ఒప్పుకోబుద్ధి కాలేదు. నా పాఠంలో లేనిది ఇంత తేలికగా అతని నోట వస్తుంటే, దాన్ని నేనెందుకు కనిపెట్టలేకపోయానన్న బాధే ముందు తన్నుకొచ్చింది.

పాత కాపలా పాకలో తడిగడ్డి పొగబెట్టి అభ్యాసం మొదలుపెట్టాను. లోపల ఇసుక బస్తా ఉంటుంది. అది స్పృహతప్పిన మనిషి అనుకోవాలి. నడుముకు మోకు కట్టుకొని, ముక్కుకు తడిగుడ్డ చుట్టుకొని, ఒకరు పాకుతూ వెళ్ళి బస్తాను బయటికి లాగాలి. నేను విజిలు ఊదితే వెనక్కి రావాలి. నూట ఇరవై లెక్కపెట్టేదాకా బయటివారు మోకు ముట్టుకోకూడదు. ఇంతవరకూ అచ్చంగా నియమావళిలో ఉన్నదే. దానికి నేను సొంతంగా ఒకటి చేర్చాను: ఎవరూ నోరు మెదపకూడదు, పిలుపులు చెట్లకే పరిమితం. అది క్రమశిక్షణ కోసమని అందరితోనూ అన్నాను. నిజానికి కోటయ్య గొంతు కాసేపు వినబడకూడదన్నదే నా కోరిక.

మొదట సాంబయ్య అనే పాతికేళ్ళ పనివాడు లోపలికి వెళ్ళాడు. నేను లెక్కపెడుతున్నాను. నలభై అయ్యేసరికి మోకు కదలడం ఆగింది. బస్తాను పట్టుకొని ఉంటాడనుకున్నాను. యాభై దాటాక కోటయ్య నా ఆజ్ఞ మరిచి, “సాంబా, ఉన్నావా?” అని పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలవలేదు. మోకు అందుకొని లాగాడు, మిగతావాళ్ళు కూడా చెయ్యి వేశారు. నా నోట్లో విజిలు అలాగే ఉంది.

సాంబయ్య స్పృహలో లేడు. చెట్టునీడకు చేర్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టాను. గుడ్డలు వదులుచేసి, నోరు శుభ్రంచేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూశాను. అది నాకు బాగా చేతనైన పని. రెండు మూడు నిమిషాలకు గట్టిగా దగ్గి, కళ్ళు తెరిచాడు. అతని తల నా ఒళ్ళోనే ఉంది. కానీ నన్ను దాటి చూస్తూ, “ఉన్నా, మేస్త్రీ,” అన్నాడు.

“ఇప్పుడా చెప్పేది?” అన్నాడు కోటయ్య. అందరూ నవ్వారు, నేను తప్ప. మనిషి బతికాడన్న సంతోషం నాకూ ఉంది. అయినా ఆ మొదటి మాట నాకు దక్కలేదన్న ఉడుకు, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ సంతోషంతోపాటే ఉంది.

మామిడికాయ పప్పు, మజ్జిగతో తోటలోనే భోజనం పెట్టారు. సాంబయ్య రెండు ముద్దలు తిన్నాక నాకూ ముద్ద దిగింది. మూడున్నరకు మునసబుగారు గొడుగుతో వచ్చారు. ఫారం చూసి, తన మేనల్లుడికి డాబా ఇల్లుంది, నంబరూ ఉంది, కోటయ్యకు ఇల్లే లేదు కదా అన్నారు. నిజమే. కాపున్న నాలుగు నెలలూ అతని కాపురం తోట పాకలో. తర్వాత బాపులపాడు వైపు వరిచేలల్లో. నిబంధన నా పక్షానే ఉంది. కోటయ్య బెజవాడ వస్తే మా అధికారులు కూడా అతని మాటే వింటారన్న భయం నాకు ఉంది. ఆలోచించి రాస్తానని చెప్పి, ఫారం మడిచి జట్కా ఎక్కాను.

అరమైలు పోయాక మస్తాన్, “కోటయ్య పాసయ్యాడాండీ?” అని అడిగాడు. ఇదేం పరీక్ష కాదన్నాను. “పోనీ, మీరు పాసయ్యారాండీ?” అన్నాడు.

అతను సరదాకే అన్నాడు. నేను బండి వెనక్కి తిప్పించాను.

కోటయ్య గంపలకు గడ్డి పరుస్తున్నాడు. పేరు రాశాను. ఇంటి నంబరు గడి దగ్గర కలం ఆగింది. ఎక్కడని రాయమంటావని అడిగాను.

“తోటలో ఒకకాడ, చేలో ఒకకాడ ఉంటానండి. మీరు పిలిస్తే మాత్రం ఉన్నానంటానండి,” అన్నాడు.

తోట యజమాని చిరునామా రాశాను. పనివాడు రెండుచోట్ల ఉంటాడనీ, సాంబయ్య ప్రాణం ఎలా నిలిచిందో, తప్పు ఎవరిదో వెనకవైపు వివరంగా రాశాను. కోటయ్యకు సంతకం రాదు, వేలిముద్ర ప్యాడు నా దగ్గర లేదు. కలం సిరా పూసి బొటనవేలు అద్దితే గీతలు సరిగ్గా పడలేదు. పాత మంటలు వాటిని ఎప్పుడో చెరిపేశాయి. ఆలస్యమైనందువల్ల సాయంత్రం బస్సు తప్పి, నూజివీడు సత్రంలో ఉండవలసి వచ్చింది.

ఆ రోజు తర్వాత నా పాఠంలో పిలుపు చేర్చాను, అది ఎవరిదో కూడా చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా లోపల చిన్న మంట లేస్తూనే ఉంది. అది పూర్తిగా ఆరితేనే పని చేయాలంటే ఏ పనీ కాదు. మీరు వెళ్ళేటప్పుడు వేలిముద్ర ప్యాడు వెంట తీసుకెళ్ళి, పేరు అక్కడే, అందరి ముందూ రాసేయండి. బండి ఎక్కాక రాద్దామనుకోవద్దు.

ఫారం పంపి ఏడాది అవుతోంది. రెండుసార్లు గుర్తుచేశాను, జవాబు రాలేదు. కోటయ్యకు బూట్లు రాలేదు. కోత మళ్ళీ మొదలైంది. ఈ వేసవి అతను కాలితే ఆ చెరిగిన వేలిముద్రను ఆసుపత్రిలో ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.