అమెరికాకు చెకింగ్ ఇన్‌స్పెక్టర్

డేవిడ్‌రాజు ఎవరినీ నమ్మడు. ఆత్మకూరులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పాలవాడిని నమ్మడు, వాన పడుతుందని చెప్పే టీవీని నమ్మడు, ఆస్పత్రిలో బీపీ చూసే మిషన్‌ను అసలే నమ్మడు. రెండో చేతికి కట్టి మళ్ళీ చూడమంటాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేరి చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. బస్సులో కూర్చున్న ప్రతివాడూ టికెట్ లేకుండానే కూర్చున్నాడని అనుకోవడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది గానీ ఆ అనుకోవడం మాత్రం అయిపోలేదు.

రిటైరయ్యాక తనిఖీ చేయడానికి బస్సులు లేకపోయాయి. కొన్నాళ్ళు భార్య సుకుమారి మీద ప్రయత్నించాడు. కూరలో నూనె ఎందుకింత పోశావు, పక్కింటావిడతో అంతసేపు ఏం మాట్లాడావు అని అడిగితే, ఆమె గరిటె ఆయన చేతిలో పెట్టి "రేపట్నుంచి మీరే వండుకోండి, నేను చెకింగ్ చేస్తా" అంది. అంతటితో ఇంట్లో తనిఖీలు ఆగిపోయాయి. ఆ తర్వాతే ఆయనకు అమెరికా దొరికింది.

మిషన్ హైస్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు ఉంది, కూతురు కొనిచ్చిన ఫోన్ ఉంది. పొద్దున్నే కాఫీ తాగుతూ రెండు అమెరికా చానళ్ళు చూస్తాడు, ఒకదాని తర్వాత ఒకటి. చూసిందంతా మోసుకుని బస్టాండు పక్కన పెంచలనరసయ్య టీ అంగడికి చేరుకుంటాడు.

"ఒకటే మీటింగు. ఒకడేమో ఇసకేస్తే రాలనంత జనం అంటాడు. ఇంకోడు కుర్చీలన్నీ ఖాళీ అంటాడు. ఇద్దర్లో ఒకడు టికెట్ లేనోడే గదా? నన్నడిగితే ఇద్దరూ లేనోళ్ళే" అంటాడు. వినేవాళ్ళు నవ్వుతారు. పెంచలనరసయ్య ఇంకో రౌండు టీ పోస్తాడు.

మన రాజకీయాలు వదిలేసి అమెరికా ఎందుకయ్యా అంటే, దానికో లెక్క ఉంది. మన నాయకుల మీద నోరు విప్పితే పక్క బల్ల మీద కూర్చున్నవాడు ఏదో ఒక పార్టీవాడై ఉంటాడు. సాయంత్రానికల్లా మాట ఇంటి గడపదాకా వస్తుంది. అమెరికాను ఎంత తిట్టినా ఆత్మకూరులో ఒక్కడికీ కోపం రాదు. ఇంత నిశ్చింతగా అనుమానపడే చోటు ఆయనకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆటలనూ వదిలేవాడు కాదు. క్రికెట్ ప్రపంచకప్పులో అమెరికా జట్టు పాకిస్తాన్‌ను ఓడించిన మర్నాడు అంగడంతా సంబరపడుతుంటే ఈయన మూతి ముడుచుకుని కూర్చున్నాడు. "ఆఫీసులో లీవు పెట్టొచ్చి ఆడినోడు పొద్దస్తమానం ఆడేవాళ్ళని ఓడించినాడంటే నేను నమ్మాల్నా?" అన్నాడు. వాళ్ళ ఫుట్‌బాల్ అంటే ఇంకా మంట. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటకు ఆ పేరు పెట్టినప్పుడే మోసం మొదలైందని ఆయన అభిప్రాయం.

చర్చిలో కూడా ఇదే పని. ఆదివారం అధికారుల కోసం ప్రార్థించే వంతు ఒకసారి ఆయనకు వచ్చింది. "ప్రభువా, ఆ దేశాన్ని ఏలేవాని మనసు నీకు తెలుసు, వాని పక్కన కూర్చుని చెవులు కొరికేవాళ్ళు ఎవరో అది కూడా నీకు తెలుసు" అని మొదలుపెట్టి, చానళ్ళ పేర్లతో సహా దేవుడికి విన్నవించాడు. జనం కళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టర్ జోసెఫ్ మళ్ళీ ఆ వంతు ఆయనకు ఇవ్వలేదు. పాస్టర్ చూసేది తాను దేవుడికి పేరు చెప్పిన చానళ్ళలో ఒకటై ఉంటుందని డేవిడ్‌రాజు తేల్చేశాడు.

ఈయన మాటలను నవ్వులాటగా తీసుకోనివాడు ఒక్కడే, ఉదయగిరి మస్తాన్. కొయ్య గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కే మనిషి. వాళ్ళ పరిచయం కూడా అనుమానంతోనే మొదలైంది. డేవిడ్‌రాజు ఒకరోజు దుత్తలూరులో బస్సు ఆపి ఎక్కితే, వెనక సీటు కింద గోనెసంచి మూట కనబడింది. ఎర్రచందనం అనుకున్నాడు. విప్పమంటే మస్తాన్ విప్పాడు. లోపల నర్ది కొయ్యతో చేసిన స్పూన్లు ఉన్నాయి, పిడికి చేప ఆకారం, పొలుసులతో సహా. ఒకటి తీసి చూసి ఇంకొకటి తీసి చూసి, దిగాల్సిన చోట దిగడం మరిచిపోయి ఉదయగిరి దాకా పోయాడు డేవిడ్‌రాజు. ఆనాటి నుంచి మస్తాన్‌కు ఆయన అన్న. ఆత్మకూరు వచ్చినప్పుడల్లా టీ అంగట్లో ఆయన పక్కన కూర్చుని, రెండు చెవులూ అప్పగించి వినేవాడు.

దానికి కారణం లేకపోలేదు. అమెరికాలో కిందటి ఎన్నికలప్పుడు, "ఆ ముసలాయన చివరిదాకా నిలబడడు, చానళ్ళోళ్ళు దాస్తా ఉండారు" అని డేవిడ్‌రాజు ముందే చెప్పాడు. అలాగే ఆ అధ్యక్షుడు పోటీ నుంచి మధ్యలోనే తప్పుకున్నాడు. ఆ తర్వాత ఏప్రిల్లో ప్రపంచం మీదంతా పన్నులు వేశామని అక్కడి ప్రభుత్వం ప్రకటిస్తే, "పెట్టినోడే ఆపుతాడు చూడండి" అన్నాడు. వారం తిరక్కుండానే చాలామటుకు ఆపారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు రెండు మాటలు నిజమయ్యేసరికి, మస్తాన్ దృష్టిలో అమెరికా తాళంచెవి డేవిడ్‌రాజు జేబులోనే ఉంది.

మస్తాన్‌కు అమెరికా సంగతి ఊరికే కాలక్షేపం కాదు. చెన్నై వ్యాపారి సురేంద్రబాబు అతని సరుకు కొని ఆ దేశపు అంగళ్ళకు పంపుతాడు. మస్తాన్ పంచలో నలుగురు చెక్కుతారు, ఆడవాళ్ళు నునుపు పట్టి నూనె రాస్తారు. క్రిస్మస్ అమ్మకాల కోసం ఎండాకాలం నుంచీ చేసిపెట్టిన సరుకు బుట్టల నిండా ఉంది. ఆ ఆగస్టులో మన దేశం సరుకు మీద అమెరికా పన్ను యాభై శాతం అయింది. సురేంద్రబాబు ఉదయగిరికి వచ్చి, అక్కడి అంగళ్ళవాళ్ళు వద్దంటున్నారు, సగం రేటుకు ఇస్తానంటే తీసుకుపోయి బెంగళూరులో అమ్ముకుంటాను, లేదంటే నీ ఇష్టం అన్నాడు. మస్తాన్ రెండు రోజులు గడువడిగి, తిన్నగా టీ అంగడికి వచ్చాడు.

"ఏం చెయ్యమంటారన్నా?" అని అడిగాడు.

డేవిడ్‌రాజుకు వెన్ను నిటారైంది. ఇన్నాళ్ళకు ఒక మనిషి నిజంగా సలహా అడిగాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"పన్ను కట్టేది ఎవురురా? ఆడ దించుకునేవాడు. నీ రేటు ఎందుకు తగ్గాల? ఆ సురేంద్రబాబు మొహం చూస్తేనే తెలస్తా ఉండాది, టికెట్ లేనోడని. పన్ను పేరు చెప్పి నీ కడుపు కొడతా ఉండాడు. ఏప్రిల్లో ఏమయింది? ఇదీ అంతే. వద్దని చెప్పు. దసరా లోపల వాడే నీ గడప తొక్కతాడు."

"నిజంగా వస్తాడంటారా?"

"రాకపోతే నన్నడుగు."

అంగట్లో అందరూ తలలూపారు. ఆ రాత్రి అన్నం తింటూ డేవిడ్‌రాజు ఈ సంగతి చెబితే సుకుమారి కంచంలోకి చూస్తూ, "బీపీ మిషన్‌ను నమ్మరు, మీ మాట మీద మీకింత నమ్మకమేందో" అంది. ఆయన ఆ మాట విననట్టే మజ్జిగ పోసుకున్నాడు.

దసరా పోయింది. దీపావళి పోయింది. పన్ను పోలేదు. సురేంద్రబాబు మస్తాన్ గడప తొక్కలేదు. అదేమయ్యా అని అంగట్లో ఎవరైనా అడిగితే, రెండు దేశాలకూ లోపల ఒప్పందం అయిపోయింది, చానళ్ళు దాస్తున్నాయి అనేవాడు డేవిడ్‌రాజు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అదీగాక మస్తాన్ ఆత్మకూరు రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తి "పనిలో ఉండానన్నా" అని పెట్టేశాడు. రెండోసారి ఎత్తలేదు. డేవిడ్‌రాజు బుర్రలో పాత ఉద్యోగం లేచి కూర్చుంది. తన సలహాతో మస్తాన్ గట్టిగా నిలబడి, సురేంద్రబాబుతో మంచి రేటుకు లోపాయికారీగా బేరం కుదుర్చుకుని, ఆ సంగతి తనకు చెప్పకుండా దాస్తున్నాడేమో! పని గడిచాక అన్న గుర్తుంటాడా? ఈ ఆలోచన రాగానే నిద్ర పట్టలేదు. చెకింగ్‌కు పోయేవాడు ఎప్పుడూ ముందు చెప్పడు. ఒక శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఉదయగిరి బస్సెక్కాడు.

కొండ కింద మస్తాన్ ఇల్లు. పంచలో ఎవరూ లేరు. ఎప్పుడొచ్చినా చెప్పుల కింద కరకరలాడే కొయ్య పొట్టు లేదు, నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. బాడిశలు, ఆకురాళ్ళు గోనెపట్టలో చుట్టి మూల పెట్టారు. గోడ వారగా బుట్టలు మాత్రం నిండుగా ఉన్నాయి. పైన కప్పిన గుడ్డ తీసి చూశాడు. చేప పిడుల స్పూన్లు, దుమ్ము పట్టి.

మస్తాన్ భార్య బయటికి వచ్చింది. "ఏందన్నా, చెప్పాపెట్టకుండా వచ్చినారు?" అని కుర్చీ వేసి, టీ తెచ్చింది.

"వాడేడమ్మా?"

"ఏ.ఎస్.పేటకు పొయ్యినాడన్నా. శుక్రారం దర్గాకు జనం వస్తారు గదా, ఆడ గుడ్డ పరుచుకుని అమ్ముకుంటా ఉండాడు."

"మరి సురేంద్రబాబు?"

"ఇంకేడ సురేంద్రబాబు! ఊళ్ళో మిగతా వాళ్ళంతా తక్కువకైనా ఇచ్చేసినారు. ఆయన ఎత్తుకోని పొయ్యినాడు. మాయే మిగిలినాయి. ఈ మడిసిని ఎవరో పెద్దాయన వద్దన్నాడంట, పట్టుకోని కూచున్నాడు. చెక్కేవాళ్ళకు పని ల్యాక పక్కోళ్ళ కాడికి పొయ్యినారు. ఎవరయ్యా నీకు చెప్పిన ఆ పెద్దమనిషి అని ఎన్నిసార్లడిగినా పేరు చెప్పడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడెవడో గానీ వాడి నోట్లో మన్నుబడ! వాడికేం పొయ్యింది, కూచోని చెప్పినాడు."

టీ గ్లాసు డేవిడ్‌రాజు చేతిలో ఉంది. ఆ పెద్దమనిషిని నేనేనమ్మా అనే మాట గొంతుదాకా వచ్చింది. బయటికి రాలేదు. టికెట్ లేనివాళ్ళు చెకింగ్ స్క్వాడ్‌ను చూడగానే కిటికీలోంచి బయటికి చూస్తారు, నిద్రపోయినట్టు నటిస్తారు. ఆ చూపులన్నీ ఆయనకు తెలుసు. ఇప్పుడు ఆయన కూడా కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. టీ ఎలా తాగాడో, ఏం చెప్పి లేచాడో ఆయనకే తెలియదు.

బస్సులు మారి ఏ.ఎస్.పేట చేరేసరికి సాయంత్రమైంది. దర్గాకు పోయే దారిలో చాదర్లు, పూలు, మిఠాయిలు అమ్మే అంగళ్ళ మధ్య, మస్తాన్ నేల మీద గుడ్డ పరుచుకుని ఉన్నాడు. ఎవరో ఒకావిడ స్పూను తిప్పి చూసి, స్టీలుదైతే ఇంతకంటే చవక గదా అని పడేసి పోయింది. మస్తాన్ దాన్ని తుడిచి వరసలో పెట్టాడు. తలెత్తి డేవిడ్‌రాజును చూసి, మొహమంతా నవ్వు చేసుకుని జరిగి చోటిచ్చాడు.

"రండన్నా, కూచోండి. ఏందన్నా అమెరికా సంగతులు? పన్ను తీసేస్తారా?"

డేవిడ్‌రాజు నిలబడే ఉన్నాడు. "నాకు తెలీదురా" అన్నాడు.

ఆ మాట ఆయన నోట మస్తాన్ ఎన్నడూ వినలేదు. వింతగా చూశాడు.

"నాకేం తెలీదు మస్తానూ. అప్పుడూ తెలీదు. ఏదో నోటికొచ్చింది చెప్పినా. నీ కొంప ముంచినా. మీ ఇంటికాడి నుంచే వస్తా ఉండా. నీ పెండ్లాం అంతగా అడిగితే నా పేరెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఇంక మీరు మా ఇంటికి ఎట్టా వస్తారన్నా?" అన్నాడు మస్తాన్, అది అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

దర్గా వైపు నుంచి జనం వస్తున్నారు, పోతున్నారు. ఈ మనిషి మంచి రేటు కొట్టేసి తన దగ్గర దాస్తున్నాడని పొద్దున బస్సులో కూర్చుని అనుకున్నది గుర్తొచ్చి డేవిడ్‌రాజుకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"అంగట్లో అందరూ నవ్వి వదిలేస్తారు గదరా నా మాటలు. నువ్వొక్కడివి ఎందుకు నమ్మినావు?"

మస్తాన్‌కు ఆలోచించాల్సిన పనే పడలేదు.

"మీరు ఎవర్నీ నమ్మరు గదన్నా. అంత అనుమానం మనిషి ఇంత గట్టిగా చెప్తా ఉండాడంటే, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, అన్ని పక్కలా చూసే చెప్తా ఉంటాడు అనుకున్నా."

డేవిడ్‌రాజు ఆ గుడ్డ అంచున, మట్టిలో, కూలబడిపోయాడు. మస్తాన్ కంగారుగా నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. ఆయన తాగలేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు.