బీరువా వెనక దిడ్డి దర్వాజా

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కొబ్బరికాయ కొనాలన్నా మూడింటిని చెవి దగ్గర ఊపి చూసి, నాలుగోది తీసుకుంటాను. అలాంటివాణ్ని వెంటేసుకుని ఇల్లు చూడ్డానికి తిరగడం ఎలా ఉంటుందో మా ఆవిడనే అడగాలి.

అప్పుడు లాల్‌దర్వాజాలో అద్దెకుండేవాళ్లం. నేను బస్సు డిపోలో మెకానిక్‌ని. పొద్దున పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. ఆమెకు షుగర్. ఇంజెక్షన్ వేసుకుని తిండి ఆలస్యం చేసిందంటే షుగర్ పడిపోయి, ఉన్నచోటే కూలబడుతుంది; చక్కెర నీళ్లు తాగిస్తేనే తేరుకుంటుంది. ఒకే ఏడాదిలో రెండుసార్లు అలా పడింది. పగలంతా ఆమె ఒక్కతే ఉన్నా భయం లేని ఇల్లు కావాలి నాకు. భయం లేకపోవడమంటే నా దృష్టిలో గట్టి తలుపులు, ఇనుప గ్రిల్, ఒక కెమెరా.

మా నాయన కాలంలో ఇల్లు చూడ్డానికి పోయినవాళ్లు మొదట అడిగేది "పక్కింట్ల ఎవరుంటరు?" అనే. నల్లా నీళ్ల సంగతి కూడా ఆ తర్వాతే. ఇప్పుడు ఆ మాట ఎవరికీ పట్టదు. కారు పెట్టే జాగా ఉందా, బాత్రూములు ఎన్ని, గోడలు ఎవరితోనూ కలిసి లేవు కదా అని అడుగుతున్నారు. అమ్మేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? బ్రోకర్ పంపిన వీడియోలో హాలు ఫంక్షన్ హాలంత ఉంది. పోయి చూస్తే మంచం వేశాక కాలు పెట్టే చోటు లేదు. ఒక ఇంట్లో అగరొత్తుల పొగ, ఇంకో ఇంట్లో సెంటు స్ప్రే. అంత వాసన పెట్టారంటే గోడల చెమ్మవాసన దాస్తున్నారన్నమాటే. నేను గోడలు తట్టాను, నల్లాలు తిప్పాను, కొత్త రంగును గోటితో గీకాను.

"అల్లుణ్ని చూడనీకి పోయినోళ్లు గుడ గింత సోదించరు అన్నా," అన్నాడు బ్రోకర్.

నాలుగో ఇల్లు మా గల్లీకి రెండు గల్లీల అవతల. బట్టల వ్యాపారి ఒకాయన అది అమ్మేసి లిఫ్టున్న అపార్టుమెంటుకు మారుతున్నాడు. ఇల్లు మా ఆవిడకు నచ్చింది. నాకూ నచ్చింది గానీ, ఇల్లంతా ఖాళీ చేసి హాల్లో ఒక్క బీరువా మాత్రం గోడకానించి వదిలేశారు.

"ఇదేంది, ఇదొక్కటి ఎందుకుంచిండ్రు?" అన్నాను.

"అది మీకు ఫ్రీ అన్నా," అన్నాడు బ్రోకర్.

ఫ్రీ అనే మాట వినగానే నా ఒళ్లు మండింది. భుజం పెట్టి బీరువాను నేనే జరిపాను. దాని వెనక గోడలో, వంగితే తప్ప దూరలేని చిన్న చెక్క తలుపు ఉంది. అవతల కుట్టుమిషను చప్పుడు.

పక్కనే ఉన్న వ్యాపారి ముఖం చిన్నబోయింది. "దిడ్డి దర్వాజా భాయ్. మా అమ్మ కాలంల ఆడోళ్లు గల్లీలకు పోకుంట గీడికెళ్లే పక్కింటికి పోతుండె. ఇప్పుడోళ్లు ఇది చూస్తే కొనరని బ్రోకరే దాయమన్నడు."

మిషను ఆగింది. అటువైపు తలుపు తీసి పక్కింటావిడ తొంగి చూసింది. మెడలో టేపు, నోట్లో దారప్పోగు. "మీరేనా అన్నా కొనేది? మంచిగైతది. వదినకు నేను తోడుంట," అంది.

ముక్కూ మొహం తెలియనివాళ్లు అంత ఆప్యాయంగా మాట్లాడితే నాకు పడదు. ఈమెకు మా ఇంట్లో ఏం పని అనుకున్నాను. దిడ్డిని ఇటుకలతో మూసేస్తేనే రిజిస్ట్రేషన్‌కు వస్తానని చెప్పేశాను.

"ఉండనియ్యరాదు, మాట్లాడనీకి ఒక మనిషుంటది," అంది మా ఆవిడ.

"మనిషి కాదు, దొంగలకు బాట," అన్నాను.

దిడ్డి మూసేశారు. మేం చేరాక వీధి తలుపుకు మూడు గడియలు పెట్టించాను. హాల్లో కెమెరా బిగించాను. దానితో డిపోనుంచే ఫోనులో చూడొచ్చు, మాట్లాడొచ్చు; హాల్లో ఏది కదిలినా ఫోను మోగుతుంది. అంతటితో ఊరుకున్నానా? ఆవిడ చాటుగా చాయ్‌లో చక్కెర వేసుకుంటోందని అనుమానం వచ్చి, చక్కెర డబ్బాను సజ్జ మీద సూట్‌కేసు వెనక దాచాను.

ఒక మధ్యాహ్నం బస్సు కింద ఉండగా ఫోను గుర్రుమంది. గ్రీజు చేతులు తుడుచుకుని చూశాను. హాల్లో ఎవరూ లేరు. దిడ్డి ఉన్నచోట గోడ పగుళ్లిచ్చింది, సున్నం రాలింది, ఇటుకల మధ్యనుంచి గడ్డపార మొన బయటికొచ్చింది. నేను చెప్పలేదూ అనుకున్నాను. సిగ్గువిడిచి చెప్తున్నా, ఆ ఒక్క క్షణం నాకు సంతోషమే కలిగింది.

"ఏయ్, ఎవర్రా అది! పోలీసులకు ఫోన్ చేస్తున్న!" అని ఫోనులో అరిచాను.

ఇటుకలు కూలాయి. ఆ దుమ్ములోంచి మెడలో టేపుతో పక్కింటావిడ పాక్కుంటూ వచ్చి, వంటింట్లోకి ఉరికింది. అక్కడ కెమెరా లేదు. మళ్లీ బయటికొచ్చి కెమెరా వైపు తలెత్తింది.

"పోలీసోళ్లకు తర్వాత చేద్దువు అన్నా! వదిన పడ్డది. ఆమె షుగర్ సంగతి నాకెరుకే. కుక్కరు ఊకె కూతలు పెడుతుంటే వచ్చి దర్వాజా కొట్టిన, నీ గడియలు ఊడలే. ముందుగాల చక్కెర డబ్బ ఏడున్నదో చెప్పు! వంటింట్ల లేదు, ఏడ పెట్టినవ్?"

రెండోసారి ఆమె గద్దించాక, "సజ్జ మీద... సూట్‌కేసు ఎన్క," అన్నాను.

స్టూలు ఈడ్చిన చప్పుడు, తర్వాత గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపించాయి. ఎంతసేపో తెలియదు. చివరికి మా ఆవిడ గొంతు సన్నగా వినిపించింది. "ఆయనకు చెప్పకు, ఫికర్ చేస్తడు."

డిపో నేల మీద కూర్చుని ఏడ్చాను. నా తోటి మెకానిక్‌లు చుట్టూ చేరి ఏమైందని అడుగుతుంటే లేచి ఇంటికి బయల్దేరాను.

ఆ వారమే మేస్త్రీని పిలిచి, ఆ కంతకు మళ్లీ చెక్క తలుపు పెట్టమన్నాను. పని అయ్యాక అతను గొళ్లెం చేతిలో పట్టుకుని అడిగాడు.

"రెండు దిక్కుల పెట్టాల్నా, మీ దిక్కే చాలా?"

మా ఆవిడ నా ముఖంలోకి చూసింది.

"మా దిక్కు వద్దు," అన్నాను. "వాళ్ల దిక్కే పెట్టు."